సరంగు దిగిన రేవు ఎక్కడ? చెన్నై బకింగ్‌హామ్ కాలువపై ఒక కేస్ స్టడీ

పెరంబూరులో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం నాకు అప్పగించిన పని ఇది. వాళ్ల పెద్దాయన పడవ సరంగు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో చీరాల వైపు నుంచి బకింగ్‌హామ్ కాలువ మీద ధాన్యం పడవ నడుపుకుంటూ చెన్నపట్నం వచ్చేవారు. ఆ పడవ ఆగిన రేవు ఎక్కడుందో కనిపెట్టాలి. ఇప్పుడు అక్కడ ఏం మిగిలిందో ఫొటోలతో, కొలతలతో రాసివ్వాలి. కుటుంబ చరిత్రను పుస్తకంగా వేసుకుంటున్నారు, అందులో ఇదొక అధ్యాయం.

నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్, చేసేది పాత కట్టడాల డాక్యుమెంటేషన్. పాడుబడిన గోడౌన్లు, మూతపడిన మిల్లులు, కొత్త కట్టడాల కింద మరుగున పడిన వంతెనలు, రేవులు వంటివాటిని కొలుస్తాను, వాటి వయసు అంచనా కడతాను, రిపోర్టు రాస్తాను. ఈ మధ్య ఇలాంటి చోట్లు చూడాలని ఇష్టపడే కుర్రాళ్లు బాగా పెరిగారు. ఆ ఇష్టం మంచిదే. కాకపోతే చాలామంది ముందు లోపలికి దూరి, ఆ తర్వాత అదేమిటో తెలుసుకోవడానికి చూస్తున్నారు. ఈ కేసులో మేం ఆ వరసను తిరగేశాం. ముందు కాగితాలు చూశాం, తర్వాత మనుషులతో మాట్లాడాం, ఆ తర్వాత రోడ్డు మీద నుంచి పరిశీలించాం. లోపలికి వెళ్లడం అన్నిటికంటే ఆఖరున, అదీ అనుమతి తీసుకుని, కాసేపే. దొరికిన ఆధారాల్లో సగానికి పైగా లోపలికి అడుగు పెట్టకముందే దొరికాయి. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

చోట్ల పేర్లు కొన్ని కావాలనే రాయడం లేదు. పాడుబడిన కట్టడం ఫలానా చోట ఉందని తెలిస్తే, పాత ఇనుము కోసం వచ్చేవాళ్లూ రీల్స్ కోసం వచ్చేవాళ్లూ ఒకే వారంలో అక్కడికి చేరతారు.

చేతిలో ఉన్న ఆనవాళ్లు

సరంగు గారి చిన్న కూతురు ఇంకా ఉన్నారు. ఎనభై దాటినా జ్ఞాపకం గట్టిది. చిన్నప్పుడు ఒక్కసారి నాన్నతో పాటు పడవలో పట్నం వచ్చారట. ఆమె చెప్పిన మాటలు రికార్డు చేసుకుని, ఉన్నవి ఉన్నట్టే రాసుకున్నాం.

"రేవు దగ్గరకొచ్చేసరికి రైలు మా నెత్తి మీద పోతా ఉంది బాబూ. కాలువ మీదనే రైలు. నాకు భయమేసి నాన్న పంచె పట్టుకున్నా."

"దారంతా తాడేసి లాగారు. ఆ రైలు వంతెన కింద మాత్రం గెడలేశారు. అది దాటంగానే రేవు."

"నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని కొత్వాల్ చావడి దాకా నడిచాడు. షావుకారు బెల్లం ముక్క పెట్టాడు. దోవలో గంట కొట్టుకుంటా పోయే బండి చూశా, పట్టాల మీద, రోడ్డు మధ్యలో."

ఈ మాటల్లో మొదటిది పట్టుకుని కుటుంబం అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసింది. మనవడు తరమణిలో ఉద్యోగం చేస్తాడు, రోజూ ఎమ్‌ఆర్‌టీఎస్ రైల్లో, అంటే నగరంలో స్తంభాల మీద నడిచే లోకల్ రైల్లో వెళ్తాడు. చేపాక్ దాటాక ఆ రైలు కాలువ మీదుగానే పోతుంది, కింద స్తంభాల మధ్య నల్లటి నీళ్లు కనబడతాయి. "మామ్మ చెప్పింది ఇదే సార్, తాతగారి రేవు ట్రిప్లికేన్ దగ్గరో మైలాపూర్ దగ్గరో ఉండాలి" అన్నాడు. అట్ట కోసం ఆ స్తంభాల ఫొటో కూడా ఎంచి పెట్టుకున్నారు.

ముందుగా పొరలకు తేదీలు

మరుగున పడిన రవాణా దారి మీద పని చేసేటప్పుడు నేను ముందు చేసేది ఇదే. ఒకే చోట మనకు కనబడే కట్టడాలన్నీ ఒకే కాలానివి కావు. ఏది ఎప్పుడు వచ్చిందో రాసుకోకపోతే మనుషుల జ్ఞాపకాలు ఒక పొర మీద నుంచి ఇంకో పొర మీదకు జారిపోతాయి.

అడుగు పొర కాలువ. 1806లో బాసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఉత్తరాన ఎన్నూరు దాకా తవ్వించిన ఉప్పునీటి కాలువతో ఇది మొదలైంది. తర్వాత పులికాట్ సరస్సు వైపు సాగింది. 1837లో ప్రభుత్వం తీసుకుంది. నగరం మధ్యలో కూవం నదినీ అడయారునూ కలిపే ముక్క, సుమారు 8 కిలోమీటర్లు, 1876–78 ధాత కరువులో తవ్వారు. ఆకలితో ఉన్న జనానికి పని చూపించి, ఆ పనికి కూలి ఇచ్చి తవ్వించిన కాలువ అది. అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు 1878లో పెట్టారు. మొత్తం కాలువ మన పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు, అందులో 257 ఆంధ్రలోనే. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ కలుస్తుంది కాబట్టి కృష్ణా డెల్టాలో ఎక్కించిన బియ్యం బస్తా, నేల మీద అడుగు పెట్టకుండా మద్రాసు చేరగలిగేది.

రెండో పొర రైలు. రాయపురం స్టేషన్ నుంచి వాలాజా రోడ్డుకు 1856 జూలై 1న దక్షిణ భారతంలో మొదటి రైలు నడిచింది. సెంట్రల్ స్టేషన్ 1873లో వచ్చింది. బెజవాడ నుంచి మద్రాసుకు రైలు దారి 1899లో పూర్తయింది. అప్పుడే కాలువ పని అయిపోయిందని చాలామంది రాస్తారు, అది నిజం కాదు. తొందర లేని బరువైన సరుకుకు పడవ కిరాయి చవక. అందుకే ధాన్యం, కట్టెలు, ఉప్పు ఇంకో రెండు తరాల పాటు నీళ్ల మీదే వచ్చాయి. 1965, 66 తుఫానులు గట్లను దెబ్బతీశాక పడవలు తగ్గుతూ పోయాయి.

మూడో పొర ట్రాము. 1895 మే 7న మద్రాసులో కరెంటు ట్రాము మొదలైంది, దేశంలో అదే మొదటిది. మొదట్లో రోడ్డు మధ్య చిన్న కాలవలా ఉండే కాండ్యూట్ లోంచి కరెంటు తీసుకునేది, తర్వాత తలపై తీగలకు మారింది. 1953 ఏప్రిల్ 12న ఆగిపోయింది.

నాలుగో పొర ఎమ్‌ఆర్‌టీఎస్. బీచ్ నుంచి చేపాక్ దాకా 1995 నవంబరులో, తిరుమయిలై దాకా 1997లో, తిరువాన్మియూరు దాకా 2004లో, వేళచ్చేరి దాకా 2007లో తెరిచారు.

ఈ నాలుగు తేదీలు పక్కపక్కన పెట్టగానే సగం కేసు తేలిపోయింది. గంట కొట్టుకుంటూ పోయే బండి ట్రాము, కాబట్టి ఆ ప్రయాణం 1953 ఏప్రిల్ లోపు జరిగి తీరాలి. చేపాక్ దక్షిణాన కాలువ నెత్తిన రైలు వచ్చింది 1995 తర్వాతే. చిన్నపిల్ల చూసిన రైలు అది కానే కాదు. మామ్మగారి జ్ఞాపకం తప్పు కాదు, దాన్ని ఇవాళ కనబడే దృశ్యానికి అతికించడం తప్పు.

ఈ సంగతి చెబితే మనవడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ రోజుల్లో కాలువ మీద రైలు ఎక్కడుంది సార్?" అని అడిగాడు. అసలు వెతుకులాట ఆ ప్రశ్నతోనే మొదలైంది.

పోరంబోకు నేల

ముంబయి, కోల్‌కతాల సంగతి వేరు. చెన్నైలో మరుగున పడిన దారులు భూమి కింద వెతికితే దొరకవు. సముద్రానికి ఆనుకున్న ఊరు, నీళ్లు పైపైనే ఉంటాయి. భూగర్భ మెట్రో రైలు 2017లో గానీ మొదలవలేదు. ఇక్కడ పాత దారి కొత్త దారి కిందే, బట్టబయలుగా పడి ఉంటుంది. కారణం నేల హక్కు. కాలువ, దాని గట్లు సర్కారు పోరంబోకు. ఇరుకు ఊళ్లో ఇళ్లు కూల్చకుండా, నష్టపరిహారాలు కట్టకుండా, తిన్నగా పోయే ఖాళీ పట్టీ ఇంకేముంది? అందుకే రైలు స్తంభాలు తీసుకొచ్చి కాలువలో నాటారు.

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, దాచుకోను. రైలు అవసరమే, నేను కూడా అందులోనే తిరుగుతాను. కానీ ఒకప్పుడు పడవలు ఎదురెదురుగా దాటుకున్న వెడల్పు ఇప్పుడు కొన్నిచోట్ల పది మీటర్లు కూడా లేదు. 2008లో ఈ కాలువను నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. నగరం నడిబొడ్డున ఈ స్తంభాల మధ్య సరుకు పడవ దూరే సంగతి మాట్లాడుకోనక్కర్లేదు. వాన నీళ్లు పోవడానికే చోటు చాలడం లేదు. ఊరి వరదను తీసుకుపోవాల్సిన దారిని మనమే సన్నం చేసుకున్నాం.

పని విషయానికి వస్తే, నేల ఎవరిదో తెలిస్తే రెండు లాభాలు. ఒకటి, ఎవరిని అనుమతి అడగాలో తెలుస్తుంది. రెండోది, టౌన్ సర్వే పటాల్లో కాలువ పోరంబోకు హద్దు ఎక్కడ ఉబ్బి ఉందో చూడొచ్చు. కాలువ వెడల్పు అంతటా ఒకేలా సాగి, ఒకచోట మాత్రం సంచిలా వెడల్పు అయ్యిందంటే అక్కడ పడవలు తిప్పుకునేవాళ్లు, లేదా సరుకు దించేవాళ్లు. నీళ్లు పూడిపోయి, మీద షెడ్లు లేచినా కాగితం మీద ఆ ఉబ్బు అలాగే ఉంటుంది. ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో పాత నగర పటాలు చూసి, వాటిని ఇప్పటి శాటిలైట్ చిత్రం మీద పరిచాం. వంతెనలు, గుళ్లు, చర్చిలు లాంటి కదలని గుర్తులతో సరిపెట్టాం.

కూవానికి దక్షిణాన ఆ కాలంలో కాలువను దాటే రైలు లేదు. ఉత్తరాన ఉంది. సెంట్రల్ నుంచి బయల్దేరే లైన్లు బేసిన్ బ్రిడ్జ్ దగ్గర కాలువ మీదుగా పోతాయి. ఉత్తరం నుంచి వచ్చే పడవ ముందు ఆ రైలు వంతెన కింద దూరి, తర్వాత సెంట్రల్ స్టేషన్ పక్కగా కూవం వైపు సాగాలి. ఆ ప్రాంతానికి బేసిన్ అన్న పేరు వచ్చిందే పడవల మడుగు వల్ల.

ఇక కొత్వాల్ చావడి. కోయంబేడు మార్కెట్ 1996లో వచ్చేదాకా పట్నానికి కూరగాయలు, పళ్లు అందించిన టోకు బజారు అదే. జార్జ్‌టౌన్‌లో ఉంది. ఆ స్థలం కన్యకా పరమేశ్వరి దేవస్థానానిది, చుట్టుపక్కల వ్యాపారంలో తెలుగు కోమట్లది పెద్ద చెయ్యి. చీరాల సరంగు పట్నంలో దిగి ఎవరి కొట్టుకు వెళ్తాడన్నది దీంతో తేటపడింది. సెంట్రల్, బేసిన్ బ్రిడ్జ్ మధ్య నుంచైతే పిల్లను భుజాన వేసుకుని అక్కడికి నడవొచ్చు. మైలాపూర్ నుంచైతే పూట గడిచిపోతుంది, పైగా అంత దూరం పిల్లతో నడిచేవాడు ట్రాము ఎక్కకుండా ఉండడు.

బయట నుంచి ఎంత కనబడుతుందో

కాగితాల మీద వెతకాల్సిన చోటు చిన్నదయ్యాక రోడ్డెక్కాం. రోడ్డు వంతెనల మీద నుంచి, ఫుట్‌పాత్‌ల మీద నుంచి, రైలు కిటికీలోంచి. ఎమ్‌ఆర్‌టీఎస్ ప్లాట్‌ఫారాల ఎత్తు దక్షిణ భాగాన్ని పోల్చి చూడటానికి బాగా పనికొచ్చింది. టికెట్ కొనుక్కుని నిలబడితే చాలు, కాలువ గీత మొత్తం పటంలా కిందే ఉంటుంది. ఆ స్టేషన్లలో దుకాణాల కోసం కట్టి ఏళ్ల తరబడి ఖాళీగా వదిలేసిన అంతస్తులు ఉన్నాయి. చీకటి మెట్ల మీదుగా వాటిలోకి దూరి ఫొటోలు తీసుకునేవాళ్లను చూశాను. అవసరం లేదు, పైగా నేరం. రైల్వే స్థలంలోకి అనుమతి లేకుండా వెళితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. చట్టం కంటే పెద్ద భయం తల మీద తీగ. అందులో ఉండేది 25,000 వోల్టులు. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరకు పోతే చాలు. పొడుగాటి సెల్ఫీ కర్ర పట్టుకుని పట్టాల పక్కన తిరిగే పిల్లలను చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది.

కాలువలోకి మేం దిగలేదు. మురుగు కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, అది గాలి కంటే బరువు, పల్లంలో నిలుస్తుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. 100 పీపీఎమ్ (పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్లు) దగ్గరకు వస్తే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని ముందుకు నడిచేవాడు కూలిపోతాడు, వాణ్ని లాగడానికి దిగినవాడూ కూలిపోతాడు. గట్టు మీద నడిచినా గ్యాస్ మీటరు నడుముకు ఉండాల్సిందే. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ ఇంకో భయం, కాళ్ల మీద చిన్న గాయం ఉన్నా మేం మనిషిని వెనక్కి పంపేస్తాం. ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఈ పని మొత్తం బంద్.

తాడు గాట్లు

నీటి వనరుల శాఖకు రాసిన ఉత్తరానికి జవాబు రావడానికి బాగా సమయం పట్టింది. వచ్చాక ఆ శాఖ ఇంజనీరు ఒకరు వెంట ఉండగా గట్టు మీద కొంత మేర నడిచాం. ఈ కేసులో నాకు అన్నిటికంటే విలువైన ఆధారం అక్కడే దొరికింది. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

రైలు వంతెనకు ఉత్తరాన ఒక పాత రోడ్డు వంతెన ఉంది. పై భాగం కొత్తది, కింద రాతి గోడలు పాతవి. గట్టు వైపు గోడ అంచు రాయిని టార్చిలైటు పక్కగా పట్టి చూశాం. ఎదురుగా వెలుగు వేస్తే ఏమీ కనబడదు, పక్క నుంచి వేస్తేనే గుంటలు నీడ పడి తేలతాయి. రాయి మూల మీద వేలు పట్టేంత లోతు గాట్లు, ఒకదాని కింద ఒకటి, అడ్డంగా. లోపలంతా అద్దంలా నునుపు.

బావి తాడు గాట్లు నిలువుగా ఉంటాయి, పై అంచును కోస్తాయి. బండి ఇరుసు రాసుకుంటే గీత గరుకుగా, వెడల్పుగా ఉంటుంది. పడవను గట్టు మీద నుంచి లాగే తాడు మాత్రం వంతెన మూల తిరిగేటప్పుడు రాతిని అడ్డంగా ఒరుసుకుంటుంది. తాడు తడిసి ఉంటుంది, ఇసుక పట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి అదే మూల, అదే ఒరిపిడి. గాట్లు కొద్దిగా వాలుగా, నీటి వైపు కిందకు దిగి ఉన్నాయి. తాడు ఒక కొస గట్టు మీద నడిచే మనిషి భుజాన, రెండో కొస పడవ స్తంభానికి. పడవ సరుకుతో కిందకు మునిగి ఉంటుంది కాబట్టి ఆ వాలు.

ఇంకొకటి. ఆ గాట్లు ఇప్పుడు మన మోకాలి ఎత్తులో ఉన్నాయి. లాగేవాడి భుజానికీ పడవకూ మధ్య గీసిన గీత మోకాలి ఎత్తున మూలను తాకదు, నడుము దగ్గర తాకాలి. అంటే గట్టే పైకి లేచింది. పూడిక, చెత్త, కట్టడాల మట్టి కలిసి అప్పటి నడక దారిని సుమారు అర మీటరు లోతున కప్పేశాయి. తవ్వకుండానే పాత నేల మట్టం మాకు తెలిసిపోయింది.

తర్వాత రైలు వంతెన దగ్గర, రైల్వే హద్దు బయటే నిలబడి, బైనాక్యులర్స్‌తో, పొడవు లెన్సుతో ఫొటోలు తీసి చూశాం. అక్కడ గోడలు నీటిలోకి తిన్నగా దిగిపోతున్నాయి. కింద మనిషి నడిచే చోటే లేదు, మూలల మీద గాట్లు లేవు. తాడు పనికిరాని వంతెన అది, పొడవాటి గెడ కర్రలతో నెట్టుకుంటూ దాటాల్సిందే. "ఆ రైలు వంతెన కింద మాత్రం గెడలేశారు" అని మామ్మగారు అన్న మాట రాతి మీద కనబడింది. నా వెంట ఉన్న అమ్మాయి, ఈ పనిలో కొత్తగా చేరింది, ఆ రికార్డింగు మళ్లీ పెట్టుకుని వింది. ఏడెనిమిదేళ్ల పిల్ల చూసిన సంగతి ఇన్నేళ్ల తర్వాత కూడా అక్షరం తప్పలేదు.

గోడౌన్

రైలు వంతెనకు దక్షిణాన, గట్టుకు ఆనుకుని ఒక పాడుబడిన గోడౌన్ ఉంది. ప్రైవేటు ఆస్తి. యజమాని ఒప్పుకున్నారు, కాపలాకు ఒక మనిషిని కూడా ఇచ్చారు. ఆయనది నెల్లూరు వైపు. "లోపలేముందని చూస్తా ఉండారు సార్, పాములు ఉండాయి, పైన ఎప్పుడు పడతాదో తెలీదు" అన్నారు. రెండో మాట మొదటి దానికంటే నిజం.

పైకప్పు మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద సన్న ఇటుకలను నిలువుగా, సున్నంతో, ఐమూలగా వరసలు పేర్చి కట్టే పద్ధతి. దాని మీద ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు, ఆ పైన పెంకులు. చక్కని పద్ధతి, వందేళ్లు నిలుస్తుంది. కానీ చావు వచ్చినప్పుడు చెప్పి రాదు. దూలం మధ్యలో బాగానే కనబడుతుంది, గోడలోకి దూరిన కొస మాత్రం తడికి పుచ్చిపోతుంది. ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకుని కొన్నాళ్లు నిలబడతాయి, ఒకరోజు మొత్తం ఒక్కసారిగా దిగుతుంది. 2012 జనవరిలో చేపాక్‌లోని కలస్ మహల్ తగలబడినప్పుడు ఒక అగ్నిమాపక అధికారి ప్రాణం పోయింది. అలాంటి కప్పు కింద శిక్షణ ఉన్నవాళ్లకే దిక్కు లేనప్పుడు ఫోను పట్టుకుని తిరిగేవాడి సంగతేమిటి? మౌంట్ రోడ్డు మీద భారత్ ఇన్సూరెన్స్ భవనం విషయంలోనూ నేను కుర్రాళ్లకు చెప్పేది ఇదే. 1897 నాటి ఆ కట్టడాన్ని 2006లో కూల్చబోతే కోర్టు ఆపింది. శిథిలమై ఉంది. దాని అందమంతా రోడ్డు మీద నుంచే కనబడుతుంది, లోపలికి పోనక్కర్లేదు.

మేం గోడౌన్ గుమ్మం కమాను కిందే నిలబడ్డాం, నడుమకు పోలేదు. లేజరు మీటరుతో కొలతలు అక్కడి నుంచే తీశాం. ఒక భాగంలో తర్వాత వేసిన ఇనుప దూలం ఉంది, దాని మీద డోర్మన్ లాంగ్ అన్న అచ్చు. ఆ ఇంగ్లండ్ కంపెనీ మొదలైంది 1875లో, కాబట్టి ఆ మరమ్మతు అంతకు ముందుది కాదు. పక్క షెడ్డు మీద మిగిలిన మంగళూరు పెంకుల్లో బాసెల్ మిషన్ ముద్ర కొన్నిటి మీద, కామన్‌వెల్త్ ముద్ర కొన్నిటి మీద ఉంది. 1865లో మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఆ జర్మన్ మాట్లాడే మిషన్ ఆస్తులు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కామన్‌వెల్త్ ట్రస్టు చేతికి వెళ్లాయి. రెండు ముద్రలూ ఒకే కప్పు మీద ఉన్నాయంటే యుద్ధం తర్వాత కూడా ఆ షెడ్డు వాడుకలో ఉంది, ఎవరో ఖర్చు పెట్టి బాగు చేయించుకుంటూ వచ్చారు.

అసలు సాక్ష్యం తలుపులు. వీధి వైపు తలుపు మామూలుది, మనిషి, తోపుడు బండి పట్టేంత. కాలువ వైపు తలుపు దానికి రెండింతల వెడల్పు, గడప రాయి మధ్యలో అరిగి గిన్నెలా గుంటపడింది. ఈ గోడౌనుకు వీధి పెరడు, కాలువ ముందు వాకిలి. బస్తాలు వచ్చింది నీళ్ల వైపు నుంచి.

మామ్మగారికి ఫొటోలు చూపించిన తీరు

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. "ఇదేనా అమ్మా మీరు చూసింది?" అని ఒకే ఫొటో పెడితే, పెద్దవాళ్లు మన మొహం చూసి అవునంటారు. మేం పది పదిహేను ఫొటోలు కలిపి ఇచ్చాం. అందులో అడయారు దగ్గరివి, ఎన్నూరు వైపువి, ఈ కాలువకు సంబంధమే లేని వంతెనలవి కూడా ఉన్నాయి. ఏది ఎక్కడిదో ఆ గదిలో ఎవరికీ తెలియకుండా, నేను కూడా బయట కూర్చున్నాను. ఆమె రైలు వంతెన ఫొటో పక్కకు తీసి పెట్టారు. గోడౌనును గుర్తు పట్టలేదు. "ఇది నేను ఎరగను బాబూ, అప్పుడు అన్నీ ఇట్టాగే ఉండేవి" అన్నారు. ఆ మాట కూడా రిపోర్టులో అలాగే రాశాం.

కుటుంబానికి ఇచ్చింది

రిపోర్టులో ప్రతి వాక్యం పక్కనా అది ఎంత గట్టిదో రాశాను. ప్రయాణం 1953 ఏప్రిల్ లోపు జరిగింది: ఖాయం. పడవ దాటింది బేసిన్ బ్రిడ్జ్ వైపు రైలు వంతెన: పటం, రాయి, జ్ఞాపకం మూడూ ఒప్పుకున్నాయి కాబట్టి బలమైన ఆధారం. రేవు ఆ వంతెనకు దక్షిణాన, సెంట్రల్ వచ్చేలోపు కొన్ని వందల మీటర్ల పట్టీలో ఎక్కడో: బలమైన ఆధారం. ఆ గోడౌనే సరంగు గారు బస్తాలు దించిన గోడౌన్: వీలుంది, అంతే.

మనవరాలికి పటం మీద ఒక చుక్క కావాలి. "ఉజ్జాయింపుగానైనా పెట్టండి సార్, పిల్లలకు చూపించుకుంటాం" అని అడిగింది. పెట్టలేదు. ఒకసారి పుస్తకంలో చుక్క పడితే తర్వాతి తరం దాన్ని ఆధారం అనుకుంటుంది. ఆ పట్టీ మొత్తానికి పసుపు రంగు వేసి, తాడుతో లాగిన దారిని ఎర్ర గీతగా, గెడలేసిన భాగాన్ని చుక్కల గీతగా చూపించాను. అట్ట మీద నుంచి ఎమ్‌ఆర్‌టీఎస్ ఫొటో తీసేశారు, లోపల వేరే పేజీలో, తేదీతో సహా ఉంచుకున్నారు. తాడు గాట్ల ఫొటో అట్ట మీదకు వచ్చింది.

ఈ కేసులో తరువాయి ఇంకా ఉంది. వానలు తగ్గాక ఎన్నూరు వైపు లాకుల దాకా ఇదే పద్ధతిలో పోవాలని, అనుమతికి ఉత్తరాలు పెట్టాం. చీరాల, ఒంగోలు, కావలి, నెల్లూరు, సూళ్లూరుపేట వైపు కాలువ గట్టు ఊళ్లలో సరంగుల కుటుంబాలు ఉంటే, ఇంట్లో ట్రంకు పెట్టె తెరిచి చూడండి. పడవ లైసెన్సు కాగితం, లాకు దగ్గర కట్టిన సుంకం రసీదు, షావుకారు బిల్లు, ఏదైనా పనికొస్తుంది. లామినేషన్ మాత్రం చేయించకండి, ఆ వేడికి, జిగురుకు పాత కాగితం పాడైపోతుంది. మడతలు విప్పి, పగటి వెలుతురులో రెండు వైపులా ఫొటో తీసి, కాగితాన్ని మామూలు కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి. రేవు పేరు తరచుగా రసీదు వెనకవైపే, పెన్సిలుతో రాసి ఉంటుంది.